పుస్తకంలో గీతలు సరిచేసిన నా అనుభవం

హన్మకొండలో ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ సార్ వరంగల్ చరిత్ర మీద వ్యాసాల సంకలనం తెచ్చారు. దానికి పేజీలు కట్టే పని నాది. ఫాంటు, సైజు, మార్జిన్లు మొదటి కూర్చోవడంలోనే తేలిపోయాయి. తేలనిది గీతల సంగతి. ఎక్కడ హైఫన్ (-) పెట్టాలి, ఎక్కడ ఎన్ డాష్ (–), ఎక్కడ ఎమ్ డాష్ (—), వాటికి అటూ ఇటూ ఖాళీ వదలాలా వద్దా? ఇంగ్లిష్ పుస్తకాలకైతే ప్రచురణ సంస్థలకు రాతపూర్వకమైన నియమావళులున్నాయి. తెలుగులో ఒక్కో ప్రచురణది ఒక్కో తీరు, ఒకే పుస్తకంలో పేజీకో తీరు కూడా. ఈ పుస్తకానికి మేం కూర్చుకున్న పద్ధతి, ఆ దారిలో ఎదురైనవి ఇక్కడ రాస్తున్నాను. తెలుగులో పేజీలు కట్టేవాళ్లకు, సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

ముందు ఫైళ్ల పరిస్థితి. వ్యాసకర్తలు చాలామంది. కొందరు డీటీపీ సెంటర్లలో వాడే పాత ‘అను’ ఫాంట్లలో, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేయించి పెట్టుకున్నవి ఇచ్చారు. కొందరు వర్డ్‌లో యూనికోడ్‌లో కొట్టారు. కొందరు ఫోన్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపారు. ఫోన్ వాళ్లు దాదాపు అంతా హైఫనే వాడారు, ఎందుకంటే కీబోర్డు మీద కనబడేది అదొక్కటే. హైఫన్‌ను నొక్కి పట్టుకుంటే గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డ్‌లో పొడవు గీతలు కూడా వస్తాయని చాలామందికి తెలియదు. వర్డ్ ఫైళ్లలో ఇంకో చిక్కు. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఇచ్చి హైఫన్ కొట్టి ముందుకు పోతే వర్డ్ దాన్ని ఎన్ డాష్‌గా మార్చేస్తుంది. ఖాళీ లేకుండా రెండు హైఫన్లు కొడితే ఎమ్ డాష్ చేస్తుంది. అంటే రాసినాయన ఏమీ అనుకోకుండానే, స్పేస్ బార్ మీద వేలు పడ్డదాన్ని బట్టి, ఒకే పేరాలో రెండు రకాల గీతలు తయారవుతాయి. ఒక వ్యాసంలో మూడు రకాలూ కనబడితే రచయిత ఏదో తేడా పాటించాడని అనుకోవద్దు. చాలాసార్లు అది సాఫ్ట్‌వేర్ చేసిన పనే.

అను ఫైళ్లది అసలైన గండం. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ ఉన్న గళ్లలో కూర్చుని ఉంటాయి. యూనికోడ్‌కు మార్చినప్పుడు మామూలు హైఫన్లు బాగానే వచ్చాయి గానీ, పొడవు గీతలు కొన్ని ఒత్తు ముక్కలుగా మారాయి, కొన్ని పూర్తిగా మాయమయ్యాయి. మాయమైనవే ప్రమాదం. ‘గణపతిదేవుడు (11991262)’ అని ఒక చోట కనబడింది. ఇది కంటికి దొరికింది కాబట్టి సరే, మిగతావాటి మాటేమిటి? అందుకని మొదటి పనిగా, ఎనిమిది అంకెలు వరసగా వచ్చిన చోట్లన్నీ వెతికించాను. తర్వాత ఆరు అంకెలవి. 1946–51 లాంటివి గీత పోతే ఆరంకెలే అవుతాయి, పక్కన పిన్‌కోడ్‌లు కూడా పట్టుబడతాయి గనక ఒక్కొక్కటీ చూసుకోవాల్సి వచ్చింది. పాత ఫైళ్లతో పనిచేసేవాళ్లు మార్పిడి కాగానే ఈ వెతుకులాట చేయాలి. పేజీలు కట్టాక చేస్తే లైన్లు కదులుతాయి.

ఇప్పుడు గీతల సంగతికొస్తాను. హైఫన్ చిన్నది, ఒక మాటలోని ముక్కల్ని కలుపుతుంది. ఎన్ డాష్ అంతకంటే పొడవు, ఫాంటు సైజులో సగం ఉంటుందని లెక్క. ఎమ్ డాష్ ఫాంటు సైజంత. పన్నెండు పాయింట్ల అక్షరాల్లో ఎమ్ పన్నెండు పాయింట్లు, ఎన్ ఆరు. యూనికోడ్‌లో ఎన్ డాష్ నంబరు 2013, ఎమ్ డాష్ 2014. విండోస్‌లో ఆల్ట్ నొక్కి పట్టి నంబర్ ప్యాడ్ మీద 0150 కొడితే ఎన్, 0151 కొడితే ఎమ్ వస్తాయి. మేం పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఆల్ట్‌తో హైఫన్ నొక్కితే ఎన్, ఆల్ట్ షిఫ్ట్ కలిపి నొక్కితే ఎమ్.

డీటీపీ సెంటర్‌లో నాకు సాయం చేసే తమ్ముడు అడిగాడు: “అక్కా, గీతనే గదా. ఏదైతేంది, చదివేటోళ్లకు తెల్వదా?” తెలుస్తుంది, చాలా చోట్ల తెలుస్తుంది. ‘కాకతీయ-యాదవ యుద్ధం’ అని హైఫన్‌తో పెట్టినా ఎవరూ అపార్థం చేసుకోరు. కానీ చరిత్ర పుస్తకంలో గీత చదువరి కన్నుకు దారి చూపించాలి. అది కలుపుతుందా, ఇక్కణ్నుంచి అక్కడివరకు అంటుందా, వాక్యాన్ని ఆపుతుందా అన్నది గీత చూడగానే తెలిస్తే చదవడం ఆగకుండా సాగుతుంది. ఆ ముగ్గురి పనీ ఒక్కడితో చేయిస్తే ప్రతి చోటా ఒక రెప్పపాటు సందేహం. నాలుగు వందల పేజీల్లో ఆ రెప్పపాట్లన్నీ కలిస్తే చదివేవాళ్లు ఎందుకో తెలియకుండానే అలసిపోతారు.

సంవత్సరాలతో మొదలుపెట్టాం. మా పుస్తకం నిండా అవే: గణపతిదేవుడు 1199–1262, రుద్రమదేవి 1262–89, ప్రతాపరుద్రుడు 1289–1323. వీటికి ఎన్ డాష్, అటూ ఇటూ ఖాళీ లేకుండా. ఇంగ్లిష్‌లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది, తెలుగులోనూ బాగా కుదురుతుంది. శతాబ్దం మారకపోతే రెండో సంవత్సరాన్ని కుదించాం: తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1946–51. శతాబ్దం మారితే పూర్తిగానే. 2020-21 లాంటి ఆర్థిక సంవత్సరానికి మాత్రం హైఫన్ ఉంచాం, ఎందుకంటే అది ఒకే ఏడాది పేరు, రెండేళ్ల వ్యవధి కాదు. ఈ తేడా అన్ని పుస్తకాలూ పాటించవు. మా పుస్తకంలో కమిటీల నివేదికలు, బడ్జెట్లు ఉన్నాయి కాబట్టి మాకు అవసరమైంది.

నెలలతో వచ్చినప్పుడు సంగతి మారుతుంది. వరంగల్ అర్బన్ జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడి 2021 ఆగస్టులో హన్మకొండ జిల్లా అయింది. దీన్ని ‘అక్టోబర్ 2016–ఆగస్టు 2021’ అని ఖాళీ లేకుండా పెడితే 2016, ఆగస్టు రెండూ అతుక్కుని కనబడతాయి. అందుకని, రెండు వైపులా ఉన్నవాటిలో ఎక్కడైనా లోపల ఖాళీ ఉంటే గీతకు కూడా అటూ ఇటూ ఖాళీ ఇవ్వాలని పెట్టుకున్నాం: అక్టోబర్ 2016 – ఆగస్టు 2021.

హైఫన్లను ఎన్ డాష్‌లుగా మార్చడం ఇన్‌డిజైన్‌లో గ్రెప్ అనే, నమూనాను బట్టి వెతికే వెతుకులాటతో సులువే. అంకె, హైఫన్, అంకె వరసగా వచ్చిన చోట మధ్యది మార్చమంటే చాలు. కానీ ‘అన్నీ మార్చు’ బటన్ జోలికి పోవద్దు. మన ఇళ్ల నంబర్లే చూడండి. హన్మకొండలో ఏ గేటు మీద చూసినా రెండు మూడు సంఖ్యలు హైఫన్లతో కలిపే ఉంటాయి. వ్యాసకర్తల చిరునామాల్లో అవన్నీ ఉన్నాయి. ఫోన్ నంబర్లు, ఐఎస్‌బీఎన్, అంకెలు హైఫన్లతో రాసిన తేదీలు కూడా అంతే. ఇవి ఎన్ డాష్‌లు అయ్యాయంటే ఇంటి నంబరు కాస్తా ‘రెండు నుంచి అయిదు వరకు’ అయి కూర్చుంటుంది. కాబట్టి నాలుగేసి అంకెలు రెండు వైపులా ఉన్నవాటిని ముందు, నాలుగు తర్వాత రెండు ఉన్నవాటిని తర్వాత వెతికి, చూసి మరీ మార్చాం. చిరునామాల పేజీకి వేరే పేరాగ్రాఫ్ స్టైల్ ఇచ్చి, ఆ స్టైల్‌ను వెతుకులాటలో కలపలేదు.

తెలుగులో గీతకు ఒక పోటీ ఉంది: ‘నుంచి’, ‘వరకు’. ‘1199 నుంచి–1262 వరకు’ అని రాసినవి వ్యాసాల్లో చాలా దొరికాయి. గీత ఆ రెండు మాటల పనీ తనే చేస్తుంది, మాటలు ఉంటే గీత దండగ. వాక్యంలో మాటలు, బ్రాకెట్లలో గీత అన్నది మా నియమం. ‘1262 నుంచి 1289 వరకు పాలించింది’ అని చదివితే నోటికి హాయిగా ఉంటుంది. ‘1262–89 పాలించింది’ అని తెలుగులో ఎవరూ పలకరు.

ఇదే వరసలో ఒక సున్నితమైన విషయం ఎదురైంది. ఇంగ్లిష్ పుస్తకాల్లో బతికున్న మనిషి పేరు పక్కన పుట్టిన ఏడు వేసి, గీత పెట్టి, తర్వాత ఖాళీ వదలడం ఉంది. మా పుస్తకంలో పెద్దవయసు రచయితలు, కళాకారులు ఉన్నారు. ప్రూఫులో ‘(1944– )’ చూడగానే సార్ పెన్ను కింద పెట్టారు. “బిడ్డా, ఇది వద్దు. పుస్తకం ఆయన చేతికే ఇస్తం. ఆ ఖాళీ జాగ ఎవరి కోసం పెట్టినమని అడుగుతడు.” నూటికి నూరుపాళ్లు నిజం. అలాంటి చోట్లన్నీ ‘జననం 1944’ అని మార్చాం. ఈ ఒక్క విషయంలో ఇంగ్లిష్ పద్ధతిని తెలుగు పుస్తకంలోకి తేవద్దని గట్టిగా చెబుతాను.

ఊళ్ల పేర్ల మధ్య గీత కూడా ఎన్ డాషే. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, పెద్దపల్లి–నిజామాబాద్ లైను, వరంగల్ మీదుగా పోయే హైదరాబాద్–భూపాలపట్నం జాతీయ రహదారి. ఇక్కడ గీత ‘నుంచి’ అని చెబుతోంది. కానీ జిల్లాల పేర్లలో ‘జయశంకర్-భూపాలపల్లి’, ‘రాజన్న-సిరిసిల్ల’ అని కొందరు గీత పెట్టారు. అది ఒక్క జిల్లా పేరు, రెండు ఊళ్లు కాదు. గీత తీసేసి మామూలు ఖాళీ ఉంచాం.

ఇక మన కంపోజింగ్‌లో పాతుకుపోయిన హైఫన్ ఒకటుంది: ‘వరంగల్-లో’, ‘రిజిస్టర్-కు’. పొల్లుతో ముగిసే మాటకు విభక్తి కలిపితే రెండూ కలిసిపోయి ‘వరంగల్లో’ లాగా ఒత్తు వస్తుందని, దాన్ని ఆపడానికి ఆపరేటర్లు గీత పెట్టేవారు. యూనికోడ్‌లో దానికి కనబడని అక్షరం ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్, నంబరు 200సి. అది పెడితే ‘వరంగల్‌లో’ అని పొల్లు పొల్లుగానే నిలుస్తుంది, గీత అక్కర్లేదు. పుస్తకంలో హైఫన్లు సగానికి సగం ఇక్కడే తగ్గిపోయాయి. పేజీ ఎంత తేటపడిందో పక్కపక్కన పెట్టి చూసుకుంటే అర్థమైంది. ‘ఉదా:-’, ‘వివరణ:-’ అని కోలన్ వెంట గీత తగిలించే అలవాటును కూడా వదిలించాం. కోలన్ ఒక్కటే చాలు.

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది వాక్యం మధ్యలో వచ్చే గీత మీద. ఇంగ్లిష్‌లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో షికాగో అనే ప్రచురణ నియమావళి ఎమ్ డాష్‌ను ఖాళీల్లేకుండా రెండు మాటలకూ అతికిస్తుంది. అక్కడి వార్తాసంస్థ ఏపీ అదే గీతకు అటూ ఇటూ ఖాళీ ఇస్తుంది. బ్రిటన్‌లో చాలామంది ప్రచురణకర్తలు ఖాళీలతో ఎన్ డాష్ వాడతారు, ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం మాత్రం ఖాళీల్లేని ఎమ్ డాష్ వైపే ఉంది. మేం మూడు నమూనాలూ ఒకే పేరాకు వేసి ప్రింట్ తీశాం. ఖాళీ లేని ఎమ్ డాష్ తెలుగులో అస్సలు కుదరలేదు. మన మాటలు అసలే పొడవు. ‘సాగించినప్పటికీ’ లాంటి మాటకు గీత, గీతకు ఇంకో పొడుగు మాట అతుక్కుంటే కంటికి ఊపిరాడదు. ఖాళీలతో ఎమ్ డాష్ పెడితే పేజీలో అక్కడక్కడా తెల్ల కంతలు. ఖాళీలతో ఎన్ డాష్ ఇమిడిపోయింది. దానికే కట్టుబడ్డాం. ఎమ్ డాష్‌ను ఒక్కచోట ఉంచాం: అధ్యాయం మొదట్లో ఉటంకింపు కింద చెప్పినవారి పేరు ముందు.

కానీ గీత ఏదన్న దానికంటే, అక్కడ గీత అసలు కావాలా అన్నది పెద్ద ప్రశ్న అని పని చేస్తుంటే తెలిసింది. సార్ ముందుమాటలో ఒక వాక్యం ఇలా ఉండేది: ‘గణపతిదేవుడు – ఆయన పాలన అరవై ఏళ్లకు పైగా సాగింది – తీరాంధ్రను గెలిచాక మోటుపల్లి రేవుకొచ్చే విదేశీ వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు.’ ఇంగ్లిష్‌కు ఇది సహజం. తెలుగులో కర్తకూ క్రియకూ మధ్య అసలే చాలా దూరం, క్రియ చివర్న గానీ రాదు. ఆ దారి మధ్యలో ఇంకో పూర్తి వాక్యాన్ని, దాని క్రియతో సహా అడ్డం పెడితే చదివేవాడికి ఏ క్రియ ఎవరిదో వెతుక్కోవాలి. తెలుగుకు దీనికి సొంత ఉపాయం ఉంది: ‘అరవై ఏళ్లకు పైగా పాలించిన గణపతిదేవుడు తీరాంధ్రను గెలిచాక మోటుపల్లి రేవుకొచ్చే విదేశీ వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు.’ రెండు గీతలూ పోయాయి, ఒక్క వివరమూ పోలేదు.

సార్ వెంటనే ఒప్పుకోలేదు. “గీతలు తీసేస్తె నా గొంతు పోయినట్టుంటది బిడ్డా,” అన్నారు. రెండూ పైకి చదవమన్నాను. చదివారు. మొదటిది చదివేటప్పుడు గీత దగ్గర స్వరం తగ్గించాల్సి వచ్చింది, రెండోది ఒకే ఊపిరిలో వచ్చింది. ఆ తర్వాత ఆయనే ఎర్ర పెన్ను తీసుకుని ముందుమాటంతా తిరిగి చూశారు. జంట గీతలు చాలావరకు ‘చేసిన’, ‘అయిన’, ‘అనే’ మాటల్లోకి సర్దుకున్నాయి. నేను మార్చవద్దన్నవి కొన్ని ఉన్నాయి. సాయుధ పోరాటం మీద వ్యాసంలో 1946 జులై 4 గురించి ‘కడవెండిలో ఆ రోజు ఊరేగింపు ఆగలేదు – దొడ్డి కొమరయ్య నేలకొరిగేదాకా’ అన్న వాక్యం ఉంది. ఆ గీత అక్కడ ఉండాల్సిందే. చదివేవాడు అక్కడ ఆగాలి. ఒంటి గీతకు తెలుగులో చోటుంది, జంట గీతలకు తక్కువ. నాకు ఈ పుస్తకం నేర్పింది ఇదే.

గీతలు తేలాక పేజీలో అమర్చడం. తెలుగు మాటల్ని లైను చివర విరిచే ఏర్పాటు మేం పెట్టుకోలేదు. రెండు అంచులూ సమంగా కట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ మాటల మధ్య ఖాళీలను సాగదీస్తుంది. పొడుగు మాటలున్న లైన్లలో గీత పక్క ఖాళీలు కూడా సాగి, గీత నడి చెరువులో తెప్ప లాగా ఒంటరిగా మిగిలేది. దీనికి మందు సాగని ఖాళీ. ఇన్‌డిజైన్‌లో థిన్ స్పేస్ అని ఉంటుంది, ఎమ్‌లో ఎనిమిదో వంతు. లైను ఎంత సాగినా అది సాగదు. గీతకు అటూ ఇటూ అదే వేశాం. ఎనిమిదో వంతు తక్కువనిపించవచ్చు గానీ, తెలుగు అక్షరాల గుండ్రని అంచుల పక్కన అది సరిపోతుంది.

ఇంకొకటి, గీత లైను మొదట్లో పడకూడదు. పడితే చదివేవాళ్లకు అది సంభాషణలాగో, జాబితాలో అంశంలాగో కనబడుతుంది. పై లైను చివర ఉంటే ‘ఇంకా ఉంది’ అన్న సూచన ఇస్తుంది. అందుకని ముందు మాట చివరి అక్షరం, సన్న ఖాళీ, గీత మూడింటికీ కలిపి విడదీయవద్దని ఒక గ్రెప్ స్టైల్ పెట్టాను. 1199–1262 లాంటివి కూడా రెండు లైన్లలోకి చీలకుండా అదే ఏర్పాటు. దీనివల్ల కొన్ని లైన్లు వదులయ్యాయి. అలాంటి చోట పేరాలో ఒక మాట మార్చుకునే స్వేచ్ఛ సార్ ఇచ్చారు కాబట్టి నెగ్గుకొచ్చాం.

ఎత్తు సంగతి చెప్పకపోతే పని సగమే చెప్పినట్టు. ఫాంట్లలో డాష్‌ను ఎక్కువగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల నడుముకు సరిపడా గీస్తారు. తెలుగు అక్షరం ఒళ్లు దానికంటే పొడుగు, పైన తలకట్టు. అంకెలూ పొడుగే. అందుకని 1262–89 మధ్య గీత కాళ్ల దగ్గరికి జారినట్టు కనబడుతుంది. స్క్రీన్ మీద తెలియదు, లేజర్ ప్రింట్ తీసి చూస్తే తెలుస్తుంది. గీతకు ఒక క్యారెక్టర్ స్టైల్ చేసి బేస్‌లైన్‌ను, అంటే అక్షరాలు నిలబడే మట్టాన్ని, కొద్దిగా, పాయింటులో సగం వరకు పైకి లేపాను. ఒక్కో ఫాంటుకు ఒక్కో కొలత పడుతుంది, ప్రింటు చూసే నిర్ణయించాలి. హెడ్డింగుల్లో అక్షరాలు పెద్దవి కాబట్టి ఎక్కువ లేపాల్సి వచ్చింది. అచ్చు ప్లేట్లకు పోయేముందు చివరి ప్రూఫులో తమ్ముడే హెడ్డింగుల్లో రెండు గీతలు కిందికి దిగి ఉన్నాయని పట్టుకుని చెప్పాడు.

ఈ నిర్ణయాలన్నీ ఒకే పేజీలో టైపు చేసి ఫైలు పక్కన పెట్టాం. ఇప్పుడు అదే పుస్తకం ఈ-బుక్‌గా చేస్తున్నాం. అక్కడ లైను ఎక్కడ విరగాలో ఫోనే చూసుకుంటుంది, బేస్‌లైన్ లేపడాలు నిలవవు, కొన్ని తెలుగు ఫాంట్లలో సన్న ఖాళీ గుర్తే లేదు. అందుకని ఈ-బుక్‌లో థిన్ స్పేస్ తీసేసి, గీతకు ముందు విడిపోని ఖాళీ, తర్వాత మామూలు ఖాళీ పెడుతున్నాను. సంవత్సరాల మధ్య ఎన్ డాష్, చిరునామాల్లో హైఫన్, బతికున్నవారికి ‘జననం’ మాత్రం అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంటాయి.